కాలినోళ్ళింటి తెల్లపాయ

మా అత్తగారింటి మగవాళ్ళని ఊరంతా కాలినోళ్ళు అంటారు. నేను ఈ దీవిలోనే ఇంకో ఊరు అరుతంగా నుంచి ఈ తౌతు ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో అది వాళ్ళ ఇంటిపేరేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది తిట్టూ కాదు, పొగడ్తా కాదు, ఒక ముందుజాగ్రత్త. పెళ్ళికో చర్చి పండగకో గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, పందినీ టారో దుంపల్నీ అరిటాకుల్లో చుట్టి పేర్చి ఉము వేస్తుంటారు కదా, మా ఆయన తమారువా అటువైపు ఒక్క అడుగు వేస్తే చాలు. "ఒరే కాలినోడా, దూరం! దూరం!" అని నలుగురూ నాలుగు వైపుల నుంచీ అరుస్తారు.

కారణం ఆయన పొట్ట మీదే ఉంది. బొడ్డుకి పైన అరచేయంత తెల్లమచ్చ. పుట్టిన నాలుగైదు నెలలకి కనబడిందట, పసివాడుగా ఉన్నప్పుడు ఉము ఆవిరి కొట్టిందని చెబుతారు. మా మరిది రోంగోకీ అలాంటిదే, అక్కడే ఉంది. పోయిన మా మామగారు ఇయోనాకీ ఉండేదట, ఆయన తండ్రికీ ఉండేదట. ఇన్ని తరాలు వరసగా కాల్చుకున్నాక ఆ ఇంటి మగవాడి చేతికి ఉము పార ఎవరిస్తారు? కొబ్బరి కోరడం, కుర్చీలు మోయడం, ఇంతే వాళ్ళ ఉద్యోగం. నేను మాత్రం ఇదొక అదృష్టమని చెప్పుకుని బతకలేదు. పక్కింటి ఆడవాళ్ళందరి మొగుళ్ళూ ఆదివారం వంట చేస్తుంటే నా మొగుడు కుర్చీలు సర్దుతూ ఉంటాడు మరి.

నా కొడుకు కోరా పుట్టినప్పుడు వాడి పొట్ట మీదా అదే మచ్చ ఉంది. అప్పుడే భూమ్మీద పడ్డ పిల్లాడు ఉము దగ్గరికి ఎప్పుడు వెళ్ళాడని ఒక్కరూ అడగలేదు. మా అత్తగారు తెపాయెరు మంచం పక్కన నడుం మీద చేయి వేసుకుని నిలబడి నన్నే అడిగింది.

"కడుపుతో ఉండి ఉము దగ్గరికి పోయావా అకైతీ?"

"పోలేదత్తయ్యా."

"పోయుంటావులే. ఆవిరి కడుపులోకి తగిలింది."

"నాకు పొగ వాసనొస్తేనే వాంతులయ్యేవి కదత్తయ్యా! మీరే కదా ఇంటి వెనక పడుకోబెట్టారు!"

"సర్లే, నిద్రలో నడిచుంటావు," అని తేల్చేసింది. మా అత్తగారితో వాదించడమూ, సముద్రానికి ఎదురు ఈదడమూ ఒకటే. చేతులు నొప్పి పుడతాయి తప్ప ఒడ్డు రాదు. పిల్లల్ని సరిగా కడుపులో దాచుకోవడం రాని కోడలిగా నేను మిగిలిపోయాను.

నా మీద పడింది ఉము నేరం. నా తోడికోడలు తెరాయి మీద పడింది అంతకంటే పెద్దది.

తెరాయి మంగైయా ద్వీపం పిల్ల. అక్కడివాళ్ళు మాట దాచుకోరు, తల వంచరు. తోడికోడళ్ళంటే కొట్టుకుని చావాలని లోకం రివాజు, కానీ ఆ పిల్ల వచ్చిన మొదటి రోజే నా చేతిలో కొబ్బరి కోరాము లాక్కుని, "అక్కా, నువ్వు ఇలా కోరితే మధ్యాహ్నానికి కూడా అవ్వదు," అంది. అప్పటినుంచీ నాకు అదంటే ప్రాణం. దాని కొడుకు ఎనూఆ ఒళ్ళంతా గోధుమరంగులో, నల్లటి జుట్టుతో పుట్టాడు, నుదుటి మధ్యలో తప్ప. అక్కడ చర్మం తెల్లగా, దాని పైనుంచి జుట్టు ఒక పాయ తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది.

వాడు పుట్టడానికి ముందటి ఏడు మా రేవులో ఒక తెల్లాయన పడవ కట్టుకుని కొన్నాళ్ళు ఉండి వెళ్ళాడు. తెరాయి ఆయనకి అరటిపళ్ళు అమ్మింది. ఇంక చెప్పాలా? నరం లేని నాలుకలు లేచాయి. "నిప్పు లేనిదే పొగ రాదమ్మా," అని చర్చి మెట్ల మీద ఒకావిడ. "తెల్లజుట్టు ఊరికే మొలుస్తుందా?" అని ఇంకొకావిడ. ఆ పడవలో ఆయన పెళ్ళాం కూడా ఉండేదనీ, అరటిపళ్ళు బేరమాడి కొన్నది ఆవిడేననీ ఊరికి గుర్తు లేదు. ఆ మనిషి నెత్తి మీద అసలు జుట్టే లేదని నేను ఎంతమందితో మొత్తుకున్నానో! "గడ్డం ఉందిగా," అన్నారు.

రోంగో మాత్రం ఒక్క రోజు కూడా చలించలేదు. "వీడి పాదాలు చూడండి, బాతు పాదాలు. నావే," అని అందరి ముందూ తన కాళ్ళూ వాడి కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. చూపించి చేపలవేటకి పోయేవాడు. మగవాడికి అంతటితో పని అయిపోతుంది. ఇంట్లో ఉండాల్సింది తెరాయి.

మా అత్తగారు కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే చేసింది. ఎనూఆ జుట్టు తీయించడానికి రోజు చెప్పలేదు.

మా దగ్గర మగపిల్లాడి జుట్టు పుట్టినప్పటినుంచీ కత్తెర తగలకుండా పెంచుతాం. వాడు కాస్త పెద్దయ్యాక ఒక రోజు చూసి, కుర్చీ మీద ఇంట్లో ఉన్న మంచి కుట్టుదుప్పట్లన్నీ పరిచి వాడిని కూర్చోబెట్టి, జుట్టుని పాయలు పాయలుగా రిబ్బన్లతో కట్టి, చుట్టాలంతా వరసగా వచ్చి తలా ఒక పాయ కత్తిరిస్తారు. రోజు చెప్పాల్సింది నానమ్మ. ఆవిడ పిలిస్తేనే వాడు ఈ వంశంవాడు, ఈ నేలవాడు. పిలవకపోతే, ఇంట్లో తిరిగే ఒక పిల్లాడు, అంతే. నా కోరాకి ఐదో ఏటే చేసింది, ఉము మచ్చ ఉన్నా సరే. ఎనూఆకి ఎనిమిదో ఏడు నడుస్తున్నా, "చూద్దాం, ముందు పందులు బలవనీ," అనేది. పందులు బలిసేవి, ఎవరి పెళ్ళిలోనో కోసుకు తినేవాళ్ళు, మళ్ళీ కొత్త పందులు బలవాల్సి వచ్చేది.

వాడి జుట్టు నడుం దాటింది. బడిలో పిల్లలు, "ఏం పాపా, పూలు పెట్టుకురాలేదే?" అనేవాళ్ళు. వాడు కొట్టేవాడు. చొక్కా చింపుకుని వచ్చేవాడు. రోజూ పొద్దున్నే తెరాయి గుమ్మంలో కూర్చుని ఆ జుట్టు దువ్వి, తెల్లపాయ పైకి కనబడేలా జడ వేసేది. దాచేది కాదు.

"నేనే కత్తిరించి పారేస్తా, పోదూ!" అన్నాడు ఒకసారి రోంగో.

"గడ్డి కోసినట్టు కోస్తావా? మీ అమ్మ పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాలి. దొంగతనంగా కోశామంటే నేను తప్పు ఒప్పుకున్నట్టే," అంది తెరాయి. నావైపు తిరిగి, "అక్కా, ఇంక ఓపిక లేదు. మంగైయా తీసుకెళ్ళిపోతాను. మా నాన్న కూర్చోబెడతాడు వీడిని. అక్కడివాడే అవుతాడు," అంది.

వాడు అక్కడివాడైతే తెరాయి కూడా అక్కడిదే అవుతుంది. రోంగో ఇక్కడ బాతు పాదాలేసుకుని ఒక్కడే మిగులుతాడు.

ఆ వారంలోనే ఎనూఆ నుదుటి మీద తెల్లమచ్చ ఎండకి కందిపోయి పొక్కింది. న్యూజిలాండ్ నుంచి చర్మం డాక్టరమ్మ వచ్చి కొండ మీది ఆసుపత్రిలో చూస్తోందంటే తెరాయీ నేనూ తీసుకెళ్ళాం. అత్తగారు తన అరికాలి దురద చూపించుకోవాలని కూడా వచ్చింది. డాక్టరమ్మ అక్కడి మావోరీ జాతి పిల్ల, పేరు మరామా. మన మాట సగం తన మాట సగం కలిపి గలగలా మాట్లాడుతుంది. ఎనూఆ నుదుటికి మందు రాస్తూ, "ఎండలోకి పోయేటప్పుడు టోపీ పెట్టుకోవాలిరా నాన్నా. ఇక్కడ రంగు లేదు, త్వరగా కందుతుంది," అంది.

"ఎందుకు లేదు?" అన్నాడు వాడు. ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న సూటిగా అడిగినవాడు వాడొక్కడే.

"నువ్వు అమ్మ కడుపులో వేలెడంత ఉన్నప్పుడు ఒంటికి రంగేసే కణాలన్నీ నీ వీపు మధ్య బయల్దేరాయి. అక్కడినుంచి నడుచుకుంటూ ఒళ్ళంతా సర్దుకోవాలి. ఇటు రండి, పెరగండి అని ఒంట్లోంచే వాటికి కబురొస్తుంది. ఆ కబురు వినడానికి ప్రతి కణానికీ పైన చెవుల్లాంటివి ఉంటాయి. ఆ చెవుల్ని తయారుచేసే జన్యువు ఒకటుంది, పేరు కిట్. అందరికీ దానివి రెండు ప్రతులుంటాయి. నీకు అందులో ఒకదాంట్లో చిన్న అక్షరదోషం. అందుకని నీ కణాలకి సగం చెవుడు."

"చెవిటి కణాలా!" వాడు పడీ పడీ నవ్వాడు.

"వినపడినంత మేర వచ్చాయి. వీపు నుంచి బాగా దూరం కదా నుదురు, ఒంటి ముందువైపు అంతా. అక్కడిదాకా రాలేకపోయాయి."

"మా ఊరి చివరింటివాళ్ళలాగే," అన్నాను నేను. "చర్చి గంట మూడోసారి కొట్టినా వాళ్ళకి వినపడదు."

డాక్టరమ్మ నవ్వి, "ఇది జబ్బు కాదు, ఏ బాధా ఉండదు. మామూలుగా తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి వస్తుంది. ఎప్పుడో అరుదుగా బిడ్డలోనే కొత్తగా మొదలవుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి తెల్లమచ్చ ఉందా?" అని అడిగింది.

"లేదు," అంది తెరాయి.

"ఎవరికీ లేదు," అన్నాను నేను.

"మా వంశంలో ఒక్కడికి కూడా లేదు," అంది అత్తగారు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ.

ఒట్టేసి చెబుతున్నాను, ముగ్గురం అబద్ధమాడలేదు. ముగ్గురం తెల్లమచ్చలున్న మగవాళ్ళకి వండిపెట్టాం, బట్టలుతికాం, పక్కన పడుకున్నాం. అయినా తట్టలేదు. అవి ఉము మచ్చలు కదా! మచ్చ వేరు, కాలిన మచ్చ వేరు.

బయటికి రాగానే అత్తగారు ఆసుపత్రి మెట్ల మీదే ఆగింది. "విన్నారా? తల్లికో తండ్రికో ఉండాలట. తల్లికి లేదు. నా కొడుక్కి లేదు. ఇంక ఎవరికుందో నేను నోరు తెరిచి చెప్పాలా?"

కొత్తగా కూడా మొదలవుతుందని డాక్టరమ్మ అన్నది కదా అన్నాను. ఆవిడ చెవిలోకి ఆ ముక్క పోలేదు. తెరాయి తన కొడుకు చేయి పట్టుకుని గబగబా మెట్లు దిగి, కిందికి వెళ్ళాక నాతో, "రేపు పొద్దుటి విమానానికి పోతున్నానక్కా," అంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏడ్చినా బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్న చర్చి హాలు వెనక పాస్టరుగారి వీడ్కోలు విందుకి ఉము వేస్తున్నారు. రోంగో పెళ్ళాన్ని బతిమాలుకుంటూ విమానాశ్రయానికి వెళ్ళాడు. నేను కొబ్బరి కోరుతున్నానే గాని మనసంతా అక్కడే ఉంది. మా ఆయన చొక్కా విప్పేసి కుర్చీలు మోసి మోసి, చెమట ఆరబెట్టుకుందామని రాళ్ళ కుప్ప పక్కన చతికిలబడ్డాడు.

"ఒరే కాలినోడా, దూరం!" అని అరిచారు వంటవాళ్ళు.

"కూర్చుంటే కూడా కాలతానా?" అని ఆయన పొట్ట గోక్కున్నాడు.

ఎండ సూటిగా ఆ పొట్ట మీద పడుతోంది. మా ఆయన ఒంటి మీద జుట్టంతా నల్లగా, దట్టంగా ఉంటుంది. ఆ మచ్చ మీద మాత్రం తెల్లటి నూగు మెరుస్తోంది. కాలిన చోట జుట్టే మొలవదు కదా, తెల్లగా ఎలా మొలిచింది అనుకున్నాను. ఒంటి ముందువైపు అంది డాక్టరమ్మ. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి వస్తుందంది. నా కొడుకు ఏ ఉమూ ఎరగకుండా ఆ మచ్చతోనే పుట్టాడు!

కొబ్బరి చిప్ప ఎటు పోయిందో తెలియదు. "ఏవయ్యా! లే! చొక్కా వేసుకోకు, బండి తియ్యి!"

"ఏమైందే? ఎవరైనా పోయారా?"

"పోబోతున్నారు. కోరా, నువ్వూ ఎక్కరా!"

ఒక్క స్కూటరు మీద ముగ్గురం, ముందు చొక్కాలేని మొగుడు, మధ్యలో పిల్లాడు, వెనక కొబ్బరి కోరాము చేతిలో పట్టుకున్న నేను. హాలు గుమ్మంలో పూలదండలు కడుతున్న అత్తగారు చూసింది. ఇల్లు నవ్వులపాలవుతోందని ఆవిడకి ముందే వాసన తగిలింది కాబోలు, పాస్టరుగారి ట్రక్కెక్కి వెంటబడింది.

మా విమానాశ్రయమంటే ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు. డాక్టరమ్మ కూడా అదే విమానానికి తిరిగి పోతూ, మెళ్ళో వీడ్కోలు పూలదండలు వేసుకుని వరసలో నిలబడి ఉంది. తెరాయి బల్ల మీద వీపు తిప్పి కూర్చుంది. రోంగో దాని పెట్టె గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"పెట్టె ఇవ్వు."

"ఇవ్వను."

"నీ చొక్కాలు కాదు అందులో ఉన్నవి, నావి. ఇవ్వు!"

"రోంగో!" అని అరిచాను. "పెట్టె కింద పెట్టి చొక్కా ఎత్తు!"

"ఇప్పుడా వదినా?"

"ఎత్తమన్నానా!"

ముగ్గుర్నీ డాక్టరమ్మ ముందు వరసగా నిలబెట్టాను. అన్న, తమ్ముడు, నా కోరా. మూడు పొట్టలు, మూడు తెల్లమచ్చలు. వెనక యాత్రికులు ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. తీస్తే తీశారు.

డాక్టరమ్మ సంచి పక్కన పడేసి వంగి చూసింది. వేలితో నొక్కింది, చర్మం సాగదీసింది. "కాలిన మచ్చ అయితే ముడతలు పడి గట్టిగా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది. ఇదిగో తెల్ల వెంట్రుకలు, మధ్యలో నల్ల చుక్కలు. ఇది ఎప్పుడు వచ్చింది?"

"పసివాడుగా ఉన్నప్పుడు. ఉము కొట్టింది," అన్నాడు మా ఆయన మర్యాదగా.

"మరి మీకు?"

"నాకూ ఉమే," అన్నాడు రోంగో.

"ముగ్గురికీ ఒకే చోటా?"

"మా నాన్నకీ అక్కడే, తాతకీ అక్కడే," అన్నాడు మా ఆయన, అదేదో వంశగౌరవమైనట్టు.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయింది. "ఏం ఉము అండీ మీది! తరతరాలుగా గురి తప్పకుండా కొడుతోందే!" షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. సామాన్లు తూచే కుర్రాడు తూకం మీదే కూలబడ్డాడు.

అంతలో ట్రక్కు ఆగి అత్తగారు దిగింది. "సిగ్గులేని సంతా! కప్పుకోండిరా పొట్టలు!"

డాక్టరమ్మ ఆవిడ చేయి పట్టుకుంది. "అమ్మా, ఇవి కాలినవి కావు. నిన్న చెప్పిన కిట్ సంగతే ఇదీ. ఒకే ఇంట్లో ఒకరికి పొట్ట మీద వస్తుంది, ఒకరికి నుదుటి మీద. కావాలంటే రక్తం పరీక్ష చేసి ఆ తప్పు అక్షరం కూడా చూపిస్తాను. నాకైతే ఈ పొట్టలు చాలు. మీ మనవడు తండ్రి పోలికే."

అత్తగారు కోరా పొట్ట చూసింది, రోంగో పొట్ట చూసింది. తర్వాత తల తిప్పి బల్ల మీద జడతో కూర్చున్న ఎనూఆని చూసింది. షెడ్డులో నవ్వులు సద్దుమణిగాయి.

"ఆయనకి కూడా ఉండేది," అంది మెల్లగా. "ఇక్కడే. కాస్త ఎడమకి."

"ఎవరికమ్మా?" అంది డాక్టరమ్మ.

"వీళ్ళ నాన్నకి. ఇయోనాకి."

"మీరు స్వయంగా చూశారా?"

మా అత్తగారు నడుం మీద చేయి వేసింది. "నలుగుర్ని కన్నాను. కళ్ళు మూసుకుని కన్నాననుకున్నావా?"

ఈసారి విమానం నడిపేవాళ్ళు కూడా నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది, బల్ల పట్టుకుని, ఊపిరి అందక, టోపీ జారిపోయేలా. ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి దిగిందో నేను పక్కనే ఉండి కూడా కనిపెట్టలేకపోయాను.

మొహం తుడుచుకుని వెళ్ళి రోంగో కింద పెట్టిన పెట్టె ఎత్తి ట్రక్కులో పడేసింది. "పద. రిబ్బన్లు కొనాలి," అంది తెరాయితో.

తెరాయి లేవలేదు. "అంతేనా అత్తయ్యా?"

"ఇంకేం కావాలే?"

"మీరు అన్న మాట ఊరంతా విన్నది. ఇది కూడా ఊరంతా వినాలి."

మంగైయా పిల్ల అనిపించుకుంది! నా ఒళ్ళు పులకరించింది. అత్తగారు దాన్ని పైనుంచి కిందికి చూసింది. "ఇక్కడ చెప్పను. సగం మంది పరాయివాళ్ళు. వచ్చే శనివారం పిల్లాడి జుట్టు తీయిస్తున్నాం. అక్కడ చెబుతాను, ఊరి ముందు."

"సరే. అందాకా పెట్టె విప్పను," అని లేచింది తెరాయి.

ట్రక్కెక్కేటప్పుడు నేను ఊరుకుంటానా? "మరి నా ఉము సంగతేమిటత్తయ్యా? కోరా కడుపులో ఉన్నప్పుడు నిద్రలో నడిచానన్నారు."

"నోరు మూసుకుని ఎక్కవే! ఒక్కొక్కళ్ళకీ తప్పు ఒప్పుకుంటూ పోతే పందులు ఎవరు కోస్తారు?" అంది. కానీ నా వీపు మీద ఒక చరుపు చరిచింది. అది మా అత్తగారి భాషలో చాలా పెద్ద మాట.

శనివారం తౌతు తౌతంతా మా పెరట్లోనే ఉంది. ఉము పార మొదటిసారి మా ఇంటి మగవాళ్ళకి ఇచ్చారు. అన్నదమ్ములిద్దరూ తెల్లవారకముందే లేచి గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, పెద్ద హడావిడి చేశారు. గొయ్యి తెరిస్తే పంది ఒకవైపు బొగ్గు, ఒకవైపు పచ్చి. "కాలినోళ్ళు కాదురా మీరు, కాల్చేవాళ్ళు!" అని ఊరు తిట్టిపోసింది. తిడుతూనే అంతా తినేసింది. పాపం, తరతరాలుగా ఎవరూ నేర్పలేదు, ఎలా వస్తుంది? మా ఆయన మాత్రం మసి మొహంతో రాజులా తిరిగాడు.

కుర్చీ మీద కుట్టుదుప్పట్లు ఒకదాని మీద ఒకటి పరిచి ఎనూఆని కూర్చోబెట్టాం. వాడు బుగ్గలు బిగించుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి పాయ కత్తిరించి, కానుక పెట్టి, వాడి బుగ్గ ముద్దు పెట్టుకుని వెళ్ళారు. చర్చి మెట్ల మీద నిప్పూ పొగా అన్న ఆవిడ కూడా వచ్చింది. నేను కత్తెర ఇస్తూ, "జాగ్రత్త, చేయి కాలుతుంది," అన్నాను. ఆవిడకి అర్థమైంది. అర్థం కావాలనే అన్నాను.

చివరికి నుదుటి మీది తెల్లపాయ ఒక్కటే మిగిలింది. అత్తగారు లేచింది. ఆదివారాలు పెట్టుకునే తెల్ల టోపీ పెట్టుకుంది. మైదానం అవతలికి కూడా వినబడే గొంతుతో వంశం చదవడం మొదలుపెట్టింది. ఈ నేల మీద మొదట దిగిన పడవలోని మనిషి నుంచి ఒక్కో పేరూ చెప్పుకుంటూ వచ్చి, ఇయోనా అంది, రోంగో అంది, ఎనూఆ అంది. ఆగింది.

"ఈ పేరు ఇన్నేళ్ళు నా నోట రాలేదు. తెరాయి తప్పు చేసిందన్నాను. తెరాయి చేయలేదు. తప్పు చేసింది నేను. అందరికీ వినపడిందా? వెనకవాళ్ళకి?"

వినపడిందని వెనకనుంచి ఎవరో అన్నారు. తెరాయి నా చేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి, అయినా నేను చేయి లాక్కోలేదు.

అత్తగారు కత్తెర పట్టుకుని పిల్లాడి ముందు వంగింది. వంగి కత్తిరించలేదు. తెల్లపాయ మీద ముక్కూ నుదురూ ఆనించి అలాగే ఉండిపోయింది. రిబ్బన్ల పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను గనక నాకు వినపడింది.

"ఇక్కడున్నావా ఇయోనా? ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే తిరిగావా? ఒక్కసారైనా దగ్గరికి తీసుకోలేదు కదయ్యా నిన్ను," అంటోంది.

కత్తెర దించేసింది. "ఇది నేను కోయలేను," అంది.

"కోసెయ్ నానమ్మా," అన్నాడు ఎనూఆ. "మళ్ళీ తెల్లగానే వస్తుందట, డాక్టరమ్మ చెప్పింది. ఎన్నిసార్లు కోసినా తెల్లగానే వస్తుందట. నాకు పిల్లలు పుడితే వాళ్ళకి కూడా రావచ్చట."

"నిజంగానా?"

"ఒట్టు. తొందరగా కొయ్యి, మెడ నొప్పిగా ఉంది."

ఆవిడ నవ్వుతూ ఏడుస్తూ కోసేసింది. పెరడంతా కేకలు, ఈలలు. వాడు కుర్చీలోంచి దూకి బోడి మెడ తడుముకుంటూ కోరాని వెతుక్కుంటూ పరిగెత్తాడు. మొదటిసారి మగపిల్లాడిలా ఉన్నాడు, రెండు చెవులూ బయటపడి.

అత్తగారు ఎర్ర రిబ్బను కట్టిన ఆ పాయ తెచ్చి తెరాయి చేతిలో పెట్టబోయింది. తల్లికి ఇవ్వడం ఆనవాయితీ.

తెరాయి దాన్ని తీసుకుని, అత్తగారి చేతిలోనే తిరిగి పెట్టి ఆవిడ వేళ్ళు తనే ముడిచింది. "నాకు పిల్లాడు మొత్తం ఉన్నాడు. వాడి నాన్న ఉన్నాడు. ఇది మీ దగ్గరుండనివ్వండి అత్తయ్యా," అంది.

డప్పులు మొదలయ్యాయి, ఎవరో అత్తగారి నడుం పట్టుకుని మధ్యలోకి లాగారు. ఆ సాయంత్రమంతా ఆవిడ ఒక చేయి విప్పి, ఒక చేయి పిడికిలి బిగించే నాట్యం చేసింది.